ఎనభై డిగ్రీల దగ్గర అక్క

కార్ఖానాలో మా అక్కని అందరూ ఎనభై అని పిలిచేవారు. పాతికేళ్ళు నిండని మనిషికి అదేం పేరని అమ్మ బాధపడేది. అక్క ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. రోజంతా తను ఎదురుచూసేది ఆ అంకె కోసమే కాబట్టి, తనని ఆ అంకెతో పిలవడం సబబే అనుకుంది. మొన్న పోయేనాటికి కూడా ఆమె వయసు ఆ పేరుని అందుకోలేదు.

అది కలరా ఉండలు చేసే కార్ఖానా. బట్టల పెట్టెల్లో పురుగు పట్టకుండా వేసుకునే తెల్లటి ఉండలు. వాటికీ కలరాకీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకి జబ్బుల గురించీ తెలియదు, పురుగుల గురించీ తెలియదు అనేది అక్క.

తారు నుంచి తీసిన ముడి నాఫ్తలీన్ బూడిదరంగు గడ్డలుగా ఒక తలుపులోంచి లోపలికి వచ్చేది. వెడల్పాటి మూకుళ్ళలో వేసి సన్నసెగ మీద ఉంచితే తెల్లగా ఆవిరై లేచి, పైన కట్టిన చల్లటి గదిలో గోడలకి రేకులు రేకులుగా అంటుకునేది. మురికంతా మూకుడు అడుగున మిగిలేది. ఆ రేకుల్ని గోకి బస్తాలకెత్తి ప్రెస్సు దగ్గరికి పంపితే, ప్రెస్సు వాటిని ఉండలుగా నొక్కి రెండో తలుపు వైపు దొర్లించేది. మూకుళ్ళకీ ప్రెస్సుకీ మధ్య, కిటికీ పక్కన ఒక బల్ల. ఆ బల్ల అక్కది. దాని మీద స్పిరిట్ దీపం, నూనె పోసిన గాజుగ్లాసు, థర్మామీటరు, భూతద్దం, సూదంత సన్నటి గాజు గొట్టాల కట్ట. కార్ఖానా మొత్తంలో గట్టిగా మాట్లాడకూడని చోటు అదొక్కటే. అలాగని రాసిన బోర్డేమీ లేదు. అక్క ముఖం చాలు.

ఆమె పని చెప్పడానికి చాలా తేలిక. చిటికెడు రేకుల్ని నూరి, ఒక కొన మూసిన గొట్టంలో దట్టించి, దాన్ని థర్మామీటరుకి దారంతో కట్టి, నూనెలో ముంచి, కింద దీపం పెట్టి, అది ఎప్పుడు కరుగుతుందా అని చూడటం. శుద్ధమైన నాఫ్తలీన్ ఎనభై డిగ్రీల దాకా ఉలకదు, పలకదు. ఎనభై రాగానే ఒక్కసారిగా నీరైపోతుంది. అందులో పరాయి సరుకు ఏ కాస్త కలిసినా ముందే చెమర్చుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది, కొంత కరిగి కొంత కరక్క చాలాసేపు సాగదీస్తుంది. ఎందుకలా అని నేను చిన్నప్పుడు అడిగితే, ఒకే సైజు ఇటుకలతో కట్టిన గోడకీ, మధ్యమధ్య గులకరాళ్ళు ఇరికించి కట్టిన గోడకీ ఉండే తేడాయే అంది. అణువులన్నీ ఒకటే అయితే అన్నీ ఒకేసారి చెయ్యి వదులుతాయి. మధ్యలో తేడా మనిషి ఉంటే, వాడి పక్కవాళ్ళు ముందు జారుకుంటారు.

ఆ అణువు బొమ్మ మా ఇంటి గోడ మీద బొగ్గుతో వేసింది. ఆరు మూలల గదులు రెండు, మధ్యలో గోడ ఒకటే. పది మూలల్లో పది కార్బన్లు. బయటికి తిరిగిన ఎనిమిది మూలలకి ఎనిమిది హైడ్రోజన్లు. గోడ పంచుకున్న రెండు మూలలకి మాత్రం హైడ్రోజన్ దక్కదు. మేమూ అప్పుడు ఒక ఇంట్లో సగం వాటాలో ఉండేవాళ్ళం, మాకూ పక్కవాటాకీ ఒకటే గోడ. పక్కవాటావిడ ఆ గోడకి మేకు కూడా కొట్టనిచ్చేది కాదు. ఆ బొమ్మ చూసి అమ్మ, గోడ పంచుకున్న దగ్గర ఎవరికీ ఏమీ దక్కకపోవడం లోకంలో ఉన్నదే అని ఒప్పుకుంది. రసాయనశాస్త్రంలో అమ్మ ఒప్పుకున్న మొదటి విషయం అదే.

ఇంట్లో అక్కని పొయ్యి దగ్గర పెట్టకూడదన్నది మా ఇంటి నియమం. పాలు పెడితే తదేకంగా చూస్తూ కూర్చునేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక, పాలు మిశ్రమమనీ, దానికి ఒక స్థానమంటూ లేదనీ, దాన్ని నమ్మి కూర్చోవడం తనదే పొరపాటనీ చెప్పేది. పొయ్యి మాత్రం అమ్మ తుడిచేది.

మనుషుల్ని కూడా ఆమె అలాగే తూచేది. కొందరు డెబ్బై దగ్గర మొదలుపెట్టి ఎప్పటికీ పూర్తిగా కరగరు. నేను రాసే కథలన్నీ అలాంటివేనని ఆమె తీర్పు. ఎక్కడ మెత్తబడిందో ఎక్కడ అయిపోయిందో తెలియదంది. అమ్మ మాత్రం రెండో రకం, చివరిదాకా ఉలక్కుండా ఉండి ఒక్కసారిగా కరిగే రకం. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళందరికీ అమ్మ మంచినీళ్ళు ఇస్తూ తిరిగింది. ఆమెది గుండె కాదు రాయి అని ఒకరిద్దరు గొణుక్కున్నారు. చాన్నాళ్ళ తర్వాత మంచం కింద ఊడుస్తుంటే నాన్న చెప్పు ఒకటి దొరికింది. ఒక్కటే. అమ్మ చీపురు పక్కన పెట్టి అక్కడికక్కడే కూలబడింది. అక్క నా చెవిలో, శుద్ధమైన మనిషి అంది. ఆ మాట అంతకుముందు ఎవరి గురించీ అనలేదు.

కార్ఖానాలో ప్రెస్సు నడిపే ఆయన్ని ప్రెస్సాయన అనేవాళ్ళం. పొడుగ్గా, చేతుల నిండా తెల్లటి పొడితో ఉండేవాడు. రోజూ పొద్దున్న అక్క బల్ల ముందునుంచి వెళ్తూ ఒకే మాట అడిగేవాడు.

"ఏం ఎనభైగారూ, ఇవాళ కరిగారా?"

"మీరు గొట్టంలోకి దిగితే చూసి చెప్తాను."

ఇంతకు మించి వాళ్ళ మధ్య ఏ మాటా లేదని అక్క చెప్పేది. ఇంతే అయితే రోజూ ఇంటికొచ్చి ఎందుకు చెప్తోందని అమ్మ అడిగేది.

చూసి పంపిన ప్రతి సరుకులోంచీ ఒక చిన్న సీసాడు రేకులు తీసి, కొన్నవాళ్ళు బాగుందనేదాకా దాచడం అక్క పని. కార్ఖానాలో ఆ సీసాలు నిలిచేవి కాదు. అలమర మూకుళ్ళ గది గోడకి ఆనుకుని ఉండేది. వెచ్చదనానికి రేకులు బిరడా సందుల్లోంచి ఆవిరై, కొన్నాళ్ళకి ఖాళీ సీసా, దాని మెడలో చీటీ మిగిలేవి. దాచిందల్లా వాసనై పోతోందని అక్క విసిగిపోయింది. వాసన అంటే వేరే ఏదో కాదు, ఆ వస్తువే, ఒక్కొక్క అణువుగా లేచి పోతోందని అర్థం అనేది. అందుకని సీసాల్ని ఇంటికి తెచ్చి, చల్లగా ఉండే వెనకగదిలో, ఉన్నిబట్టల ట్రంకు కింద పెట్టుకుంది. పెద్దాయన, అంటే కార్ఖానా యజమాని, అందుకు ఒప్పుకున్నాడు. ఒకప్పుడు ఆయనా ప్రెస్సు నడిపినవాడే. సీసాలంటే ఆయనకి పెద్ద ఆసక్తి లేదు.

ఆ ఏడాది బట్టల గోదాము ఒకటి మా కార్ఖానా నుంచి నాలుగుసార్లు సరుకు తీసుకుంది. తర్వాత ఒకరోజు బస్తాలన్నీ తిరిగొచ్చాయి. ఉండలు ఉన్నచోటల్లా బట్టల మీద జిడ్డు మరకలు పడ్డాయట. శుద్ధమైన నాఫ్తలీన్ పోతే ఆనవాలు మిగలదు. మిగిలిందంటే అందులో ఇంకేదో ఉన్నట్టే. పెద్దాయన ఒక ఉండ తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. అక్క పగలగొట్టి, నూరి, గొట్టంలో పెట్టి చూసింది. డెబ్బైకి కూడా రాకుండానే చెమర్చింది. అక్కడి నుంచి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్ళింది. పెద్దాయనకి భూతద్దం అందిస్తే ఆయన చూసి మళ్ళీ ఇచ్చేశాడు.

తారు నూనె పూర్తిగా పోకుండానే రేకులు ప్రెస్సుకి వెళ్ళాయని ఆయన అనుమానం. అంటే అక్క చూసి పంపినవే చెడ్డవని.

"చూడమ్మా, నాకు రసాయనం తెలియదు. రేకులు మంచివైతే తప్పు ప్రెస్సుది. చెడ్డవైతే తప్పు నీ బల్లది. చెడ్డదాన్ని మంచిదని పంపే బల్ల నాకెందుకు? ఆ చోట్లో ఇంకో ప్రెస్సు పడుతుంది."

ఆ చోటు మీద ఆయనకి ఎప్పటినుంచో కన్ను. కిటికీ పక్కన, గాలి బాగా వచ్చే చోటు. అక్క ఏమీ వాదించలేదు. నాలుగు సరుకుల సీసాలూ ఇంట్లో ఉన్నాయి, రేపు పొద్దున్న తెచ్చి మీ ముందే ఒక్కొక్కటీ కరిగిస్తాను, మీరే చూడండి అంది. సరేనన్నాడు. ప్రెస్సాయన అక్కడే ఉన్నాడు. ఆ రోజు ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు.

అక్క ఇంటికి వచ్చేసరికి నేను వీధరుగు మీద చదువుకుంటున్నాను. చెప్పులు విప్పకుండా తిన్నగా వెనకగదిలోకి వెళ్ళింది. అలా వెళ్ళడం ఆమె అలవాటు కాదు కనుక నేనూ వెనకాలే వెళ్ళాను. కిటికీ గట్టు మీద నాలుగు చిన్న సీసాలు తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి. మెడలో చీటీలు కూడా లేవు. అక్క వాటిని చూస్తూ నిలబడింది.

"అమ్మా, ఇందులోవి ఏవి?"

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక మంచిపని చేసి, ఎవరూ గుర్తించకపోయినా ఫరవాలేదనుకునే మనిషి ముఖం ఆమెది.

"శాలువలకి చిమ్మెట పట్టిందే. మీ నాన్న శాలువైతే జల్లెడే. కూతురు కలరా ఉండల కార్ఖానాలో పనిచేస్తూ ఇంట్లో బట్టలు పురుగుల పాలు చేశానంటే నలుగురూ నా ముఖాన ఏమంటారు? నీ సీసాల్లో ఊరికే పడి ఉన్నాయి కదా అని గుడ్డసంచీలో పోసి కుట్టేశాను. సీసాలు తుడిచి పెట్టాను చూడు, ఎక్కడా జిడ్డు కూడా లేదు."

"నాలుగూ కలిపేశావా?"

"మరి నాలుగు సంచులు కుట్టనా? అన్నీ ఒకటే కదే."

అక్క ట్రంకు మీద కూర్చుంది. అక్క రెండు ముక్కల్లో చెప్పిన విషయాన్ని నేను అమ్మకి విడమరిచి చెప్పాను. అమ్మ అంతా విని, ముందు సీసాల మీద ఆ సంగతి రాసిపెట్టి ఉండాల్సిందంది. రాసే ఉందని చెప్పాను. అయితే ఇంకా పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సిందంది. తర్వాత తనూ ట్రంకు మీద అక్క పక్కనే కూర్చుంది. ఇద్దరూ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. రేపు తను వచ్చి ఆ పెద్దాయనతో మాట్లాడతానని, తప్పు తనదని చెబుతానని అమ్మ అంటూనే ఉంది. అక్క వింటున్నట్టు లేదు. బల్ల పోతే అక్క ఏం చేస్తుందో నాకూ ఊహకి అందలేదు. పొయ్యి దగ్గరికైతే రానివ్వం. వేరే ఏ పనీ ఆమె చేయగా నేను చూడలేదు.

"అమ్మా, ఇందాక ఏమన్నావు?"

"పెద్ద అక్షరాలతో రాయమన్నాను."

"అంతకుముందు."

"అన్నీ ఒకటే కదా అన్నాను. తప్పేనంటే తప్పే."

అక్క లేచి, అమ్మని లేపి ట్రంకు తెరిచింది. శాలువల మడతల మధ్యనుంచి ఆ సంచీ తీసింది. పాత దిండుగలీబు ముక్కతో కుట్టిన అరచేతంత సంచీ. అమ్మ కుట్లు ఎప్పుడూ గట్టివే. అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత వేళ్ళతో నలిపి, మళ్ళీ శాలువల మధ్యే పెట్టింది. ఆకలేస్తోంది అంది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. అమ్మ తప్పు ఒప్పుకోవడానికి మంచి చీర కట్టుకుంది. కార్ఖానా గుమ్మంలో అడుగుపెట్టగానే, ఈ వాసనకి చిమ్మెటలే కాదు చుట్టాలు కూడా రారు అంది. పెద్దాయన కుర్చీ వేయించాడు. అమ్మ కూర్చోకుండానే జరిగింది జరిగినట్టు చెప్పేసింది. చీటీల సంగతి మాత్రం చెప్పలేదు.

పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయనకి కోపం రాలేదు. ఆయన భార్య కూడా ఒకసారి ఇంటి దస్తావేజుల కట్టని అలమర కాలి కింద ఎత్తుకి పెట్టిందట.

"అయినా అమ్మా, నాలుగూ కలిసిపోయాయి. ఇప్పుడు ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదండీ," అంది అక్క. "రెండు పదార్థాలు కలిపితే ముందే కరుగుతుంది. ఒకే పదార్థాన్ని ఎన్నిసార్లు కలిపినా అది మిశ్రమం కాదు, ఒకటే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెడ్డదైనా సంచీలో ఎక్కడో ఒకచోట పట్టిస్తుంది. పైగా ఇది ఇన్నాళ్ళు సీసాల్లో, తర్వాత గుడ్డసంచీలో కొంత ఆవిరైంది. ముందు పోయేది మంచిది. చెత్త ఉంటే మిగిలినదాంట్లోనే ఉంటుంది. నాకు ఇంతకంటే కష్టమైన పరీక్ష మీరు పెట్టలేరు."

ఆమె అన్ని వాక్యాలు వరుసగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ సంచీ కుట్లు తనే విప్పింది. అక్క సంచీ ఒక్కో మూల నుంచీ చిటికెడు తీసి వేరువేరు గొట్టాల్లో నింపింది. గొట్టాలు థర్మామీటరు చుట్టూ వరుసగా కట్టింది. దీపం వెలిగించి, నూనె కలుపుతూ కూర్చుంది. అంకెలు చదివే పని పెద్దాయనకి ఇచ్చింది. భూతద్దం ఎవరికివ్వాలో ఒక్క క్షణం ఆలోచించి అమ్మకిచ్చింది.

ప్రెస్సు ఆగిపోయి ఉంది. ప్రెస్సాయన దాని పక్కన నిలబడి ఉన్నాడు.

డెబ్బై అన్నాడు పెద్దాయన. అలాగే ఉంది అంది అమ్మ. డెబ్బై అయిదు. అలాగే ఉంది. దారప్పోగు ఒకటి కనబడుతోంది, అది శాలువదే, అది లెక్కలోకి రాదు కదా అంది. రాదంది అక్క. దారం కరగదు, కలవదు, ఊరికే ఉంటుంది. ఆమె దీపం వత్తిని కిందికి దించింది. అక్కడి నుంచి వేడి ఎంత నెమ్మదిగా ఎక్కిందంటే పెద్దాయన అదే అంకెని మళ్ళీ మళ్ళీ చదివాడు. నేను అక్క ముఖం చూస్తున్నాను. పాల గిన్నె ముందు కూర్చున్న ముఖమే అది, ఏ తేడా లేదు. కలిపే చెయ్యి మాత్రం పట్టుకోవలసినదాని కంటే గట్టిగా ఆ గాజుపుల్లని పట్టుకుని ఉంది.

డెబ్బై తొమ్మిది. అలాగే ఉంది. నాలుగూ అలాగే ఉన్నాయి.

పెద్దాయన తర్వాతి అంకె చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో అమ్మ, పోయాయి అంది. అన్నీ పోయాయి, నీళ్ళే ఉన్నాయి అంది. నాన్న చెప్పు దొరికిన రోజు తర్వాత అమ్మ గొంతు మళ్ళీ అలా వినడం అప్పుడే.

అక్క దీపం ఆర్పేసింది. రేకులు మంచివైతే తప్పు ఎవరిదో పెద్దాయన నిన్ననే చెప్పి ఉన్నాడు కనుక ఇంక ఎవరూ చెప్పవలసిన పని లేదు. అక్క గొట్టాలు విప్పుతూ కూర్చుంది. తల ఎత్తి ప్రెస్సు వైపు చూడలేదు.

ప్రెస్సాయనే వచ్చాడు. జేబులోంచి సగం అయిన కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉండలు అచ్చుకి అంటుకుంటున్నాయండీ. మొదట అచ్చుకి మైనం రాశాను. త్వరగా కానీ, త్వరగా కానీ అన్నారు. రాసే తీరిక లేక తురిమి రేకుల్లోనే కలిపాను."

త్వరగా కానీ అన్నది పెద్దాయనే. ఆయన కొవ్వొత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తను ప్రెస్సు నడిపిన రోజుల్లో సబ్బు రాసేవాడినని కాసేపయ్యాక ఒప్పుకున్నాడు. ఎవర్నీ పనిలోంచి తీయలేదు. గోదాము మాత్రం మళ్ళీ మా కార్ఖానాలో కొనలేదు. రెండో ప్రెస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. కిటికీ పక్కన బల్ల అలాగే ఉండిపోయింది. ఒక్క నియమం మారింది. ఇకమీదట రేకులే కాదు, నొక్కిన ఉండ కూడా రోజూ బల్ల మీదికి రావాలి, అదీ ప్రెస్సు నడిపే మనిషే స్వయంగా తేవాలి.

ఆయన రోజూ తెచ్చాడు. ఒక ఉండ తేవలసిన చోట రెండు తెచ్చేవాడట, దారిలో ఒకటి కింద పడుతుందేమోనని. ఆ ఏడాది దాటకుండానే నేను ఆయన్ని బావా అని పిలవడం మొదలుపెట్టాను. మైనం కలిపినవాణ్ణి ఎలా చేసుకుంటున్నావని అడిగితే, ముందే మెత్తబడ్డాడు గానీ అడుగున ఏముందో తనే తీసి చూపించాడు అంది అక్క. ఆమె లెక్కలో అది చాలా పెద్ద మార్కు. అమ్మ మాత్రం ఆ పెళ్ళి తన సంచీ వల్లే కుదిరిందని పోయేదాకా చెప్పుకుంది.

కార్ఖానా మూతపడే రోజు దాకా అక్క ఆ బల్ల దగ్గరే కూర్చుంది. థర్మామీటరు ఇంటికి తెచ్చుకుంది. కిందటేడు జబ్బు చేసి జ్వరం వస్తే బావ దాన్నే పెట్టబోయాడట. అది నూనెలో ముంచేది, నోట్లో కాదు అందట. అప్పటికి ఆమె ఎక్కువ మాట్లాడటం మానేసింది. అందుకని ఆ మాటని బావ అందరికీ చెప్తూ ఉంటాడు.

ఆమె పోయాక బట్టలు సర్దడానికి బావ నన్ను పిలిచాడు. వెనకగది ట్రంకు ఇప్పుడు వాళ్ళింట్లో ఉంది. నాన్న శాలువ, అమ్మ శాలువ, వాటిమీద అక్క శాలువ. మడతల మధ్య అమ్మ కుట్టిన సంచీ. ఆ రోజు పరీక్షకి విప్పిన మూలని అమ్మే మళ్ళీ కుట్టింది. మిగిలింది అందులోనే పోసి ట్రంకులోనే ఉంచారు. దాన్ని మార్చాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గుడ్డ తప్ప బరువేమీ లేదు. బొటనవేలితో ఆ గుడ్డని అన్నివైపులా రుద్ది, వేలు చూసుకున్నాడు. ఆ వేలి కొనకి ఏమీ అంటలేదు.

"జిడ్డు లేదు," అన్నాడు.

నేను సంచీని ముఖం దగ్గర పెట్టుకున్నాను. బావ ఆ పని చేయలేదు. ఆయన ముక్కుకి ఆ వాసన తెలియడం ప్రెస్సు రోజుల్లోనే మానేసింది. నావైపు చూశాడు.

"వస్తోందా?"

చాలా సన్నగా, వెతికితే దొరికేంత ఉంది. వస్తోందన్నాను.

"అయితే ఇంకా ఉంది," అన్నాడు బావ. సంచీ నా చేతిలోంచి తీసుకుని, అక్క శాలువ మడతలో పెట్టాడు. "మూత వేసెయ్యమ్మా, పోతుంది."